సిరోంచ ఆదివారం క్లాసు: సైన్సు టీచర్ల కోచింగ్‌కు ఆరు నెలలు వెళ్లాక

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న మా సిరోంచలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెప్పే టీచర్ల కోసం ఒక కోచింగ్ నడుస్తోంది. పిల్లల చేత చేయించి చెప్పే పాఠాన్ని ముందుగా ఎలా రాసుకోవాలో నేర్పిస్తారు. బోర్డు లేదు, ప్రచారం లేదు. బస్టాండుకు కాస్త దూరంలో ఒక ఇంటి పైగదిలో రెండు వారాలకోసారి ఆదివారం పెడతారు కాబట్టి మా టీచర్లందరం ఆదివారం క్లాసు అనే పిలుస్తాం. చంద్రపూర్ వైపు హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన ఒక మేడం, ఆమెకు సాయంగా ఒక కుర్ర సర్ దీన్ని చూసుకుంటున్నారు. నేను జులై నుంచి డిసెంబరు దాకా వెళ్లాను. ఫీజు 2,400 రూపాయలు. దానికి పన్నెండు క్లాసులు, పైగా మూడుసార్లు మేడం మన బడికే వచ్చి వెనక బెంచీలో కూర్చుని మన పాఠం చూస్తారు. వెళ్లాలా వద్దా అని ఇప్పటికి నలుగురైదుగురు అడిగారు కాబట్టి అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను. ఒక్క ముక్కలో అయితే వెళ్లండి, ఆ మూడుసార్ల కోసం వెళ్లండి.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తాలూకాలో ఒక జడ్పీ బడిలో 11 ఏళ్లుగా సైన్సు చెబుతున్నాను. పుస్తకం మరాఠీలో ఉంటుంది, మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి వాళ్లది. పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, కొందరు మాడియా అనే గిరిజన భాష. నేనూ ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, తెలుగింటి పిల్లనే, కానీ చదువంతా మరాఠీలో కాబట్టి క్లాసులో నాకు తెలియకుండానే మరాఠీలోకి వెళ్లిపోతాను. పిల్లలు మంచివాళ్లు, చెప్పింది చెప్పినట్టు రాస్తారు. ఆ రాయడం చూసి వాళ్లకు వచ్చేసిందనుకున్నాను ఇన్నేళ్లు.

ఇంతకు ముందు నేను వెళ్లిన ట్రైనింగుల్లో ప్రయోగాలు చూపించలేదని కాదు, చాలా చూపించారు, బాటిల్‌తో రాకెట్టు, వెనిగర్‌లో సోడా, బెలూను ఉబ్బడం. చూసి సంబరపడి వచ్చి క్లాసులో చేస్తే పిల్లలూ సంబరపడ్డారు, చప్పట్లు కొట్టారు, మర్నాడు అడిగితే బెలూను ఉబ్బింది అన్నారు, ఎందుకు ఉబ్బింది అంటే తల దించుకున్నారు. తప్పు పిల్లలదనుకున్నాను, ఒక్కోసారి ప్రయోగానిదేమో అనుకున్నాను, పాఠం రాసుకోవడంలో తప్పుందన్న ఆలోచనే రాలేదు.

ఇక్కడ మొదటి ఆదివారం ఒక కాగితం ఇచ్చారు. నాలుగు గళ్లు. నేను అడిగేది, పిల్లలు ఏమనొచ్చు, వాళ్ల చేతిలో ఏముండాలి, ఎంతసేపు. లక్ష్యాలూ ఫలితాలూ అంటూ పెద్ద మాటలేవీ లేవు. అమెరికాలో సైన్సు పాఠాలు తయారుచేసే బీఎస్‌సీఎస్ సంస్థ వాళ్ల 5ఈ పద్ధతి గురించి ప్రతి ట్రైనింగులో వింటాం కదా, ఆసక్తి కలిగించడం, వెతకనివ్వడం, వివరించడం అలా ఐదు మెట్లు, దాన్ని మేడం మూడో నెలలో గానీ ఎత్తలేదు, అదీ మేం రాసిన పాఠాల్లోనే ఆ మెట్లు ఎక్కడున్నాయో చూపించడానికి. మొదటిరోజు నేను రెండో గడిలో, అంటే పిల్లలు ఏమనొచ్చు అన్న చోట, "సరైన జవాబు చెబుతారు" అని రాశాను. గదిలో పద్నాలుగు మందిమి ఉంటే తొమ్మిది మంది దాదాపు అదే రాశాం. మేడం పెన్సిలుతో దాని కింద గీత గీసి, "సరైన జవాబు ముందే వస్తే ఇక పాఠమెందుకు?" అని మాత్రం అని పక్క కాగితం తీసుకున్నారు. ఆ గడి నింపడం నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు పాఠం రాయడానికి కూర్చుంటే ముందు ఆ గడే నింపుతాను.

ఆరో తరగతిలో నీళ్లు ఆవిరవడం గురించిన పాఠం ఉంది. మరాఠీలో బాష్పీభవన్ అంటారు. పిల్లలు ఆ మాటను నిర్వచనంతో సహా అప్పజెబుతారు. ఈసారి రెండో గడి నింపుతూ, వాన వెలిశాక వరండాలో నిలిచిన నీళ్లు ఎటు పోయాయని అడిగితే మావాళ్లు ఏమంటారా అని ఆలోచించాను. ఇంకిపోయినయ్ అంటారు. మా ఇంట్లో నేనైనా అదే అంటాను. ఇంకడమంటే లోపలికి దిగిపోవడం. అంటే బాష్పీభవన్ అని పరీక్షలో రాస్తున్న పిల్లాడి మనసులో నీళ్లు సిమెంటు గచ్చులోకి దిగిపోతున్నాయన్నమాట, ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. మేడానికి తెలుగు రాదు, ఈ తేడా ఆమెకు విడమరిచి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కాగితంలో ఇంకో గడి గీసి మీ పిల్లల మాటలు ఇందులో రాయండి అన్నారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి తెలుగు పిల్లలున్న బళ్ల టీచర్లందరం ఆ ఐదో గడి కూడా నింపుతున్నాం.

పాఠం ఇలా చేశాను. ఒక్కో గుంపుకు కొంచెం మట్టి, ఒక గుడ్డముక్క, మధ్యాహ్న భోజనం స్టీలు పళ్లెం. మూడింటి మీదా ఒక్కో చెంచాడు నీళ్లు, ఎండలో. ముందే నోటుబుక్కులో రాయమన్నాను, నీళ్లు ఎటు పోతాయో. మట్టి తాగుతుంది, గుడ్డ తాగుతుంది అని అందరూ రాశారు, పళ్లెం దగ్గరికి వచ్చేసరికి పెన్నులు ఆగాయి. ఒకడు మాత్రం ధైర్యంగా "పళ్లెం తాగుతది మేడం" అన్నాడు. నేను కాదనలేదు, అవుననలేదు, ఎందుకంటే కాగితంలో ఆ జవాబు నేను ముందే రాసుకున్నాను కాబట్టి కంగారు పడలేదు. నీళ్లు పోయాక వాడే పళ్లెం తిరగేసి అడుగున అరచేత్తో రాసి చూశాడు, మళ్లీ చూశాడు, పక్కవాడి చేయి లాగి వాడి చేత కూడా రాయించాడు. "కింద తడి లేదు మేడం." ఇంకో పళ్లెం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ మూత బోర్లించి పెట్టాం, దాని లోపలి వైపు సన్నటి చుక్కలు పట్టాయి. అప్పుడు ఒక పిల్ల మెల్లగా అంది, మా అమ్మ కూరలో నీళ్లు ఇగిరినయ్ అంటది, ఇంకినయ్ అనదు అని. నిజమే కదా, ఇగురు కూర అని రోజూ అంటాం, ఆ మాట వంటింట్లో ఉంది, బడిలోకి తేలేదు నేను. ఆరోజు బోర్డు మీద ఇంకడం, ఇగరడం, బాష్పీభవన్ మూడూ పక్కపక్కన రాశాను. ఇరవై రోజుల తర్వాత ఆరేసిన బట్టల గురించి అడిగితే నీళ్లు గాల్లోకి పోయినయ్ అన్నారు చాలామంది. అందరూ కాదు, చాలామంది.

అది మూడోసారి మేడం వచ్చినప్పటి పాఠం. మొదటిసారి వచ్చినప్పటిది వేరే కథ, అదీ రాయాలి, ఎందుకంటే ఈ కోచింగ్ విలువ నాకు అక్కడే తెలిసింది.

ఒక సెల్లు, ఒక చిన్న బల్బు, ఒకే ఒక తీగ ఇచ్చి వెలిగించమనడం, ఇది చాలా పాత పాఠం, మంచి పాఠం. పాత టార్చిలైటు బల్బులు సిరోంచలో ఎక్కడా దొరకలేదు, షాపులో అన్నీ ఎల్‌ఈడీలే, సరే చిన్నవే కదా అని అవే తెచ్చాను. పిల్లలు ఇటు పెట్టారు, అటు పెట్టారు, ఒక్కటీ వెలగలేదు. సామాన్లు పంచడానికే 11 నిమిషాలు పోయింది, మిగిలిన టైమంతా అవి వెలగకపోవడానికి పోయింది. చెమటలు పట్టి, సెల్లులు బాగా లేవు పిల్లలూ అనేశాను. వెనక బెంచీలో మేడం రాసుకుంటూనే ఉన్నారు. బడి వదిలాక వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఒక్క మాట అడిగారు, "నిన్న రాత్రి ఇంట్లో వెలిగించి చూశారా?" చూడలేదు. ఎర్ర ఎల్‌ఈడీకి కూడా రెండు వోల్టుల దాకా కావాలి, తెల్లదానికి మూడు, సెల్లు ఇచ్చేది ఒకటిన్నర. పైగా ఎల్‌ఈడీకి పొడుగు కాలు ప్లస్సు వైపే ఉండాలి, తిరగేస్తే వెలగదు. బీఎస్సీ చదివిన నాకు ఇది తెలుసు. తెలిసినా చేసి చూడలేదు. ముందురోజు సాయంత్రం అవే సామాన్లతో, అదే సెల్లుతో మన చేత్తో చేసి చూడనిదాన్ని పాఠం అనొద్దు, అది ఆలోచన మాత్రమే అన్నారు మేడం. గట్టిగా అనలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, వోల్టుల గురించి కాదు, సెల్లులు బాగా లేవని పిల్లలకు అబద్ధం చెప్పినందుకు.

మర్నాడు క్లాసులో మొదట అదే చెప్పాను, సెల్లు మంచిదే, నేను చూసుకోలేదు అని. కుర్ర సర్ చంద్రపూర్ నుంచి పాత బల్బులు ఒక ముప్పై పంపించారు, వారం తర్వాత మళ్లీ చేశాం. ముందుగా బొమ్మ గీయించాను, మీ లెక్కలో ఎలా పెడితే వెలుగుతుంది అని. 27 మందిలో 19 మంది సెల్లు పైనుంచి బల్బు అడుగుకు ఒక్క గీత గీసి ఊరుకున్నారు, కరెంటు నల్లా నీళ్లలాగా అటు పోతే చాలు, తిరిగి రావాలన్న ఆలోచన లేదు. తర్వాత చేతికిచ్చాను. ఒక పిల్ల బల్బు అడుగును నేరుగా సెల్లు బొడిపె మీద నిలబెట్టి, తీగ ఒక కొస సెల్లు అడుగున పట్టుకుని రెండో కొస బల్బు పక్కనున్న మర చుట్ల దగ్గర ఆనించగానే వెలిగింది, వెలగ్గానే భయపడి తీసేసింది, మళ్లీ పెట్టింది. క్లాసంతా అటు పరిగెత్తింది. బల్బుకు రెండు చోట్ల తాకాలి, అడుగున ఒకచోట, పక్కన ఒకచోట అని నేను చెప్పలేదు, వాళ్లే నాలుగు రకాలుగా వెలిగించి బొమ్మలు సరిదిద్దుకున్నారు. ఆ ఎల్‌ఈడీలు పారేయలేదు, తర్వాతి పీరియడుకు రెండు సెల్లులతో పని కల్పించాను. సామాన్ల పంపకం ఇప్పుడు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ముందే ఒక్కో గుంపుకు ఒక్కో భోజనం పళ్లెంలో సర్ది పెడతాను, పీరియడు చివర లెక్కపెట్టి అదే పళ్లెంలో తిరిగివ్వాలి. ఇది కూడా మేడం నేర్పిందే, చిన్న విషయంలా ఉంటుంది కానీ 40 నిమిషాల పీరియడులో ఎనిమిది నిమిషాలు మిగలడం చిన్నది కాదు.

ఇలా బడికి వచ్చి చూడటం ఆమె ఎక్కడ నేర్చుకున్నారో ఒకసారి చెప్పారు. మధ్యప్రదేశ్‌లో 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 బళ్లతో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది, కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు మొదలుపెట్టాయి, 1982 నుంచి ఏకలవ్య సంస్థ దాన్ని చూసుకుంది. పిల్లలు చేసి తెలుసుకోవాలి, పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, టీచర్లు నెలకోసారి కూర్చుని ఏం కుదిరింది ఏం కుదరలేదు మాట్లాడుకోవాలి. 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది. పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేసి చూపించే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబుతో బొమ్మలు చేయడం మొదలుపెట్టింది కూడా అక్కడికి వెళ్లినప్పుడే. ఆయన వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు కూడా ఉచితంగా ఉన్నాయి, ఇంకా చూడనివాళ్లు చూడండి. మేడం చిన్న వయసులో ఆ టీచర్ల మీటింగులు కొన్ని చూశారట. మా ఆదివారాల్లో మొదటి గంట అందుకే అలాగే ఉంటుంది, ఎవరి పాఠం చెడిందో వాళ్లు చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. నేను బల్బుల సంగతి చెప్పిన రోజు నుంచి ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు.

ఇంకొక పాఠం గురించి చెప్పి లోపాల్లోకి వెళ్తాను. మన తాలూకాలోనే, పోచంపల్లి దగ్గర, 1960 ప్రాంతంలో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. 1975లో దానికి బరాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బరా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు, తవ్వకాలు నడిచిన 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు. దాని అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలో ఉంది. వడధంలో అటవీ శాఖ శిలాజాల పార్కు ఉందని మాకందరికీ తెలుసు, పిక్నిక్కు తీసుకెళ్లినవాళ్లమే, కానీ పాఠం చేయలేదు. కుర్ర సర్ రాయించిన పాఠంలో పిల్లలు వరండా మీద సుద్దతో దాని తొడ ఎముకను అసలు కొలతలో గీస్తారు, దాదాపు 1.7 మీటర్లు. మా ఎనిమిదో తరగతిలో అందరికంటే పొడుగు పిల్లాడు దాని పక్కన పడుకుంటే ఎముకే పొడుగు. తర్వాత తాడు కొలిచి గ్రౌండులో తల నుంచి తోక దాకా 14 మీటర్లు పరిచాం. తల ఎలా ఉంటుంది మేడం అని అడిగారు. పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రమే దొరికాయి అన్నాను. మరి పళ్లను బట్టి ఏం తినేదో చెప్పొచ్చా అని వాళ్లే మొదలుపెట్టారు, ఆవు పళ్లు, కుక్క పళ్లు, పిల్లి పళ్లు అంటూ గంట కొట్టినా లేవలేదు. పోచంపల్లి వైపు చుట్టాలున్న పిల్ల ఒకతి ఆ వారం ఇంటికి వెళ్లి తాతను అడిగి వచ్చింది. తాతకు చిన్నప్పుడు తవ్వడానికి వచ్చిన వాళ్ల గుడారాలు గుర్తున్నాయట.

ఇక బాగాలేనివి. మొత్తం మరాఠీలోనే నడుస్తుంది, మనకు ఇబ్బంది లేదు కానీ మాడియా పిల్లలున్న బళ్ల టీచర్లకు ఆ ఐదో గడి నింపడంలో సాయం చేసేవాళ్లు ఎవరూ లేరు, అక్కడ మేడం కూడా చేతులెత్తేశారు. ఆరు, ఏడు కలిపి ఒకే గదిలో చెప్పే బళ్లు మన వైపు చాలా ఉన్నాయి, రెండు తరగతులకు ఒకేసారి చేయించే పాఠం ఎలా రాయాలన్నది మూడుసార్లు అడిగాం, సరైన జవాబు రాలేదు. వానాకాలంలో ఆలాపల్లి రోడ్డు సంగతి తెలిసిందే, రెండు క్లాసులు పోయాయి, ఒకటే తిరిగి పెట్టారు. 1,800 రూపాయలకు విడిగా ఒక కిట్టు పెట్టె అమ్ముతారు, అది కొనకండి. అందులో ఉన్నవాటిలో భూతద్దాలు తప్ప అన్నీ ఇంట్లోనో బడిలోనో దొరుకుతాయి, మేడం కూడా ఎవరినీ కొనమని అడగలేదు, ఆమె నేర్పేదానికి ఆ పెట్టెకు సంబంధమే లేదు. సర్టిఫికెట్టు ఇస్తారు, కానీ 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి 50 గంటల శిక్షణ అంటుంది కదా, నాకు ఆ లెక్కలో కలవలేదు. సర్టిఫికెట్టు కోసమే అయితే ఇటు రానక్కర్లేదు.

సిలబస్ అవుతుందా అని అందరూ అడిగేదే. అన్ని పాఠాలూ ఇలా చేస్తే అవ్వదు. నెలకు రెండు పాఠాలు గట్టిగా రాసుకుని చేస్తున్నాను, మిగతావి మామూలుగానే చెబుతున్నాను, కానీ మామూలుగా చెప్పేటప్పుడు కూడా ముందు ఒక ప్రశ్న అడిగి వాళ్ల ఊహ రాయించుకుంటున్నాను, దానికి నాలుగు నిమిషాలే పడుతుంది. ఎనిమిదో తరగతికి రెండు యూనిట్లు వెనకబడ్డాను, జనవరిలో అందుకోవాలి, టెన్షన్ లేదని అనను. ఆదివారం పోవడం ఇంట్లో వాళ్లకు కూడా కష్టమే, చిన్న పిల్లలున్న టీచర్లు ఇద్దరు మధ్యలో మానేశారు, శనివారం మధ్యాహ్నం పెట్టమని అడిగి చూశాం, ఆలోచిస్తామన్నారు.

వచ్చే బ్యాచి బడులు తెరిచాక జులైలోనే. పేరు ఇవ్వడానికి ముందు మీ హెడ్‌మాస్టర్‌తో మాట్లాడుకోండి, ఆయన ఒప్పుకుంటేనే మేడం బడికి వస్తారు, ఆ మూడుసార్లు లేకపోతే ఫీజు దండగ. మొదటిసారి వచ్చినప్పుడు మీకు బాగా వచ్చిన పాఠం చూపించకండి, ఏటా చెడిపోయే పాఠం చూపించండి. ఇంట్లో అటక మీద పాత రెండు సెల్లుల టార్చిలైట్లు ఉంటే బల్బులు తీసి దాచి పెట్టండి, నా దగ్గర ఇరవై రెండు మిగిలాయి, ఇంకా కావాలి.